గడుల కాయితం

చానల్ల నా పని చిన్నది.
తెర అడుగున ఉరికే ఎర్ర పట్టీల
పది మాటలు ఇమిడించుడు.
పదకొండోది పడితే పెద్దసారు కుర్చీల నుంచి లేస్తడు.

ఆ వారం యుద్ధం నడుస్తున్నది,
మనది గాని సముద్రానికి ఆవల.
నేను రాసిన:
అర్ధరాత్రి మెరుపుదాడి. లక్ష్యం ఛేదన.
ఆయుధ గిడ్డంగి నేలమట్టం. శత్రువుకు కోలుకోలేని దెబ్బ.
పైన పాకురు రంగు చీకటి. చీకట్ల తెల్లటి చుక్క.
చుక్క పూసింది.
పూసిన కాడికి ఒకడు బాణం గుర్తు గీసిండు,
ఇంకొకడు డప్పులు కలిపిండు,
తిప్పి తిప్పి ఏసినం.
నడుమ సిమెంటు ప్రకటన, ఇల్లు వందేండ్లు నిలుస్తదని.

ఆదివారం చౌటుప్పల్‌ల బస్సు దిగి పుట్టపాక పోయిన.
అండాలు చిన్నమ్మ ఆసు ముందర కూసోని
నూలుకు రబ్బరు పట్టీలు కడుతున్నది.
ఇల్లంత ఆముదపు కాయల బూడిద వాసన, నూనె వాసన.
మూలకు టీవీల నా అక్షరాలు ఉరుకుతున్నయి.
"గిది నేను రాసిందే" అన్న, జర గొప్పకే.

చిన్నమ్మ కూడబలుక్కుంట సదివింది.
పట్టీ ఆమె కోసం ఆగలే.
మళ్ల వచ్చినప్పుడు తోక అందుకున్నది.
"నేలమట్టం అంటివి.
ఆ నేల మీద పొద్దుగాల సాంపి చల్లింది ఎవరు బిడ్డా?"

నాకు తెల్వదు.
పది మాటలల్ల సాంపికి జాగ లేదు.

ఆమె ఇంకేం అనలే. లేచి సందుగ తీసింది.
వాళ్ల మామ నేసిన తేలియా రుమాలు,
ఎరుపు, నలుపు, తెలుపు.
ఒక మూలకు గడియారం, ఒక మూలకు సింహం,
నడుమ విమానం.
లావు కడుపు, చాపకున్నట్టు తోక.
ఆయన ఒక్కపారే చూసిండట, చేన్ల నిలబడి,
మెడ నొప్పి పుట్టెదాక.
మర్చిపోతనేమోనని నేసిండట.
అసొంటి రుమాళ్లు ఓడలెక్కి ఎడారి దేశాలకు పోయినయి,
ఎవరెవరి తలలకో నీడయినయి.

ఇప్పుడు గదే తలల మీదికి గదే విమానం, అనబోయిన.
నోట్లెనే ఆపుకున్న.
అదీ పట్టీ భాషే, పది మాటల లోపలిదే.

చిన్నమ్మ గడుల కాయితం పరిచింది.
ఒక్క గడికి నాలుగు పోగులు.
"మీ బొమ్మల ఇండ్లు ఎన్ని?"
లెక్కపెట్టలేదన్న.
"మరేం సూసినవ్?"

సోమవారం రాత్రి ఆఫీసుల
డప్పులు తీసేసి, బొమ్మను ఆపుకుంట, జరుపుకుంట సూసిన.
బాణం గుర్తు కింద ఇరుకిరుకు కప్పులు, నలభై ఒకటి.
ఒక మిద్దె మీద దండెం. దండెం మీద బట్టలు.
రాత్రయినా తీసుడు మరిచినట్టున్నరు.
ఫోన్ చేసి చెప్పిన.
బట్టలు ఎన్ని, అని అడిగింది.
అయిదు. ఒకటి చిన్నది.

అప్పుడే పట్టీల కొట్టిన:
బాణం గుర్తు కింద నలభై ఒక్క కప్పులు.
దండెం మీద బట్టలు ఇంకా ఆరుతున్నాయి.
పదకొండు. లెక్కపెట్టుకోండ్రి.
ఒక్క చుట్టు తిరిగింది.
పెద్దసారు లేచిండు.

నెల దాటినంక పోతే రుమాలు మగ్గం దిగుతున్నది.
కట్టిన కాడ రంగు పట్టదు గద.
"ఏది దక్కాల్నో దాన్ని బిగ్గట్టాలె,
మిగిలిందంత నలుపు తాగుతది" అన్నది,
వంట గురించి చెప్పినట్టే.
నలభై ఒక్క తెల్ల గడులు.
ఒకదాని పక్కన అయిదు ఎర్ర చుక్కలు, ఒకటి చిన్నది.
విమానం లేదు.
దాని జాగల ఏం పెట్టలే.

కొనేటాయన నల్లగొండ నుంచి వచ్చిండు.
కండ్లద్దాలు నుదుటి మీదికి నూకి, బట్టను వెలుతురుకు పట్టి,
"పనితనం మంచిగుంది గని అమ్మా,
గడుల అంచులు చెదిరినయి" అన్నడు.

చిన్నమ్మ మగ్గం గుంటల నుంచే తలెత్తింది.
నాడె ఇంకా చేతిలనే ఉన్నది.

"ఇండ్లు గద సారూ."